కుమ్మరి గాడిద, నీలి తెర

కుండకు గాడిద కారణమా? భారతీయ తర్కమైన న్యాయశాస్త్రం చదివేవారికి ఎదురయ్యే ప్రశ్నల్లో ఇదొకటి. మట్టి మోసుకొచ్చింది గాడిదే. కుండ కాకముందు అది అక్కడే ఉంది. అయినా నైయాయికులు దాన్ని కారణంగా ఒప్పుకోరు. మట్టిని బండి మీద తెచ్చినా కుండ అవుతుంది. మట్టి, కుమ్మరి, సారె లేకపోతే మాత్రం కాదు. కార్యానికి ముందు ఏది తప్పకుండా ఉండి తీరాలో అదే కారణమని 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో చెప్పాడు. తర్కం కొత్తగా నేర్చుకునేవారి కోసం రాసిన చిన్న పుస్తకం అది.

ఆ పాఠం ఇవాళ హైటెక్ సిటీలో అక్షరాలా అవసరం.

పని మధ్యలో కంప్యూటర్ తెర నల్లబడుతుంది. ఆ వెంటనే నీలి తెర, దాని మీద 'వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్' అనే మాట. గ్రాఫిక్స్ చిప్‌కు పని అప్పగించాక విండోస్ మామూలుగా రెండు సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. అదీ కుదరకపోతే సిస్టమ్‌ను ఆపేస్తుంది. అంటే ఆ మాట జవాబివ్వనిది ఏదో చెబుతుంది, ఎందుకివ్వలేదో చెప్పదు. డ్రైవర్‌లో బగ్ ఉండొచ్చు, చిప్ వేడెక్కి ఉండొచ్చు, పవర్ సప్లై చాలకపోవచ్చు, కార్డులోని మెమరీ చెడిపోయి ఉండొచ్చు. 'నిన్ననే అప్‌డేట్ చేశాను, అందుకే' అంటాడు కుర్చీలోని మనిషి. నిజమే కావచ్చు. కాకి వాలినప్పుడే తాటిపండు రాలి ఉండవచ్చు కూడా.

కారణాన్నీ కాకతాళీయాన్నీ విడదీసే పద్ధతి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాలకు కొత్త కాదు. చేయి తిరిగిన మెకానిక్ ముందు కేబినెట్ విప్పి దుమ్ము ఊదుతాడు. కార్డు బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా బిగిస్తాడు. క్రాష్ ఆగకపోతే సేఫ్ మోడ్‌లో డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి పాతది వేస్తాడు. అప్పటికీ లొంగకపోతే అదే కార్డును వేరే కంప్యూటర్‌లో పెట్టి చూస్తాడు. క్రాష్ కార్డు వెంట వెళ్లిందా, దోషం చాలావరకు కార్డుదే. పాత కంప్యూటర్‌లోనే ఉండిపోయిందా, పవర్ సప్లైనో మదర్‌బోర్డునో చూడాలి. కారణం ఉంటే కార్యం ఉండటాన్ని న్యాయశాస్త్రం అన్వయం అంటుంది, కారణం లేకపోతే కార్యం లేకపోవడాన్ని వ్యతిరేకం అంటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే క్రాష్ ఆగినా కారణం తెలియదు.

పేరు చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఇంటెల్ ఉదంతం చూపింది. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో గేములు ఆగిపోయి, వీడియో మెమరీ చాలడం లేదనే సందేశం వచ్చేది. చాలామంది గ్రాఫిక్స్ కార్డును తిట్టుకున్నారు. అసలు దోషం ప్రాసెసర్‌ది. దానికి అవసరానికి మించిన వోల్టేజ్ అందుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పెంచింది.

అదే ఏడాది జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి. ఆ తెర విండోస్‌ది కాబట్టి తొలి నింద మైక్రోసాఫ్ట్ మీద పడింది. నిజానికి విండోస్‌ను పడగొట్టింది క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ భద్రతా డ్రైవర్ చదివిన ఒక అప్‌డేట్ ఫైలు. 21వ విలువ కోసం వెతికిన ప్రోగ్రామ్‌కు అందినవి 20 మాత్రమే. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. అయితే ఆ ఒక్క విలువే కారణమా? ఫైలును సరిచూడాల్సిన సాధనంలో లోపం ఉంది. హద్దు దాటి చదవకుండా ఆపే తనిఖీ లేదు. కొద్దికొద్దిగా కాక ఒకేసారి అందరికీ పంపారు. కారణాలన్నీ కూడితేనే కార్యం పుడుతుందని, ఆ కూడికే సామగ్రి అని న్యాయశాస్త్రం ఎప్పుడో చెప్పింది.

దసరాకు ఆఫీసుల్లో ఆయుధ పూజ చేసి సీపీయూకు బొట్టు పెడితే కొందరు నవ్వుతారు. నవ్వాల్సిన పనిలేదు. పనిముట్టుకు మొక్కడం, దాని జబ్బును తర్కంతో వెతకడం రెండూ మన సంప్రదాయంలోవే. కాకపోతే బొట్టు పెట్టిన సీపీయూకైనా దుమ్ము దులపక తప్పదు.

సంప్రదాయానికి అసలు ద్రోహం మరోచోట జరుగుతోంది. సర్వర్ పడిపోయిన మర్నాడు 'రూట్ కాజ్' రిపోర్టు రాస్తారు. చివరిసారి కోడ్ మార్చిన జూనియర్ పేరు చాలాసార్లు అందులోకి ఎక్కుతుంది. అతడు ముందు ఉన్నాడు, అంతే. గాడిదా ముందే ఉంది. కారణం తేల్చకుండా దోషం మోపడం తర్కంలో పొరపాటు, ధర్మంలో అన్యాయం. ఆ పేరు మీద ఒకరి అప్రైజల్, ఒక్కోసారి ఉద్యోగం ఆధారపడి ఉంటాయి.

అందుకే ఇకపై అలాంటి రిపోర్టు రాసే ప్రతి మేనేజరూ ఒక్క పరీక్ష పెట్టుకోవాలి. ఆ కుర్రాడు ఆ రోజు సెలవులో ఉండి, అదే పని ఇంకొకరు చేసి ఉంటే క్రాష్ ఆగేదా? ఆగేది కాదంటే అతడి పేరు కొట్టేయండి.