ఉన్నికి మడి ఎక్కడిది?

మన ఆచారంలో నూలుబట్టకు ఒక న్యాయం, ఉన్నికి ఇంకో న్యాయం. నూలుబట్ట తడిపి ఆరేస్తేనే మడి. పట్టుకూ ధావళికీ రోజూ ఆ తడుపు అక్కర్లేదు. జపానికి కూర్చునేవారు కంబళి ముక్క పరుచుకుంటారు. ఈ పవిత్రత ఉన్నిలోనే ఉందా, ఉన్నిని బట్టగా మార్చిన పనిలో ఉందా? కోయిలకుంట్ల లాంటి చోట ఇది పండితులకే వదిలేసే ప్రశ్న కాదు. కుందూ నది పక్కనున్న నల్లరేగడి చేలల్లో పంట తీశాక రైతులు ఎరువు కోసం గొర్రెల మందలు నిలిపించుకుంటారు. ఆ మందలను కాసేదీ, కంబళ్లు నేసేదీ ఎక్కువగా కురువలే. కంబళి నేసిన చేయీ దాని మీద కూర్చుని జపం చేసే చేయీ ఒకే ఊళ్లో ఉంటాయి. మడి ఉన్నిలో ఉందో పనిలో ఉందో తేల్చుకోవాలంటే ఉన్ని పని మొదటినుంచి నేర్చుకోవడాన్ని మించిన దారి లేదన్నది నా వాదన.

గొర్రె ఒంటిమీద నుంచి అప్పుడే కత్తిరించిన ఉన్నిని చూసినవారెవరూ దాన్ని మడి అనలేరు. అందులో చెమట, జిడ్డు, పెంటికలు, పల్లేరుకాయలు, గడ్డిపుల్లలు అన్నీ ఉంటాయి. దాన్ని ఏరాలి, ఉతకాలి, ఆరబెట్టాలి, వింటితో ఏకాలి, రాట్నం మీద వడకాలి. వడకడం చాలావరకు ఆడవాళ్ల పని. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంతమగ్గం మీద నేయడం మగవాళ్ల పని. కొత్తగా చేతబట్టినవారి దారం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. పురి తక్కువైతే తెగుతుంది, ఎక్కువైతే మెలికలు పడుతుంది. రంగు దగ్గర ఇంకా ఓర్పు కావాలి. దానిమ్మ తొక్కతోనో మోదుగపూలతోనో పసుపు తేవాలంటే ముందు ఉన్నికి పటిక పట్టించాలి. నీళ్లు మెల్లగా కాగాలి, మెల్లగానే చల్లారాలి. వేడిలో ఉన్న ఉన్నిని గట్టిగా కలిపినా, ఒక్కసారిగా చన్నీళ్లలో పడేసినా పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి ముద్దవుతాయి. సున్నం ఘాటెక్కిన నీలితొట్టిని నూలు తట్టుకుంటుంది గాని ఉన్ని తట్టుకోదు. ఒక్క మెట్టు దగ్గర అశ్రద్ధ చేసినా ఆ తర్వాతి పనంతా చెడుతుంది. ఈ పని నేర్చుకునేవారికి శుద్ధి అంటే వస్తువుతో పుట్టిన గుణంగా కనిపించదు. మెట్టుమెట్టుకూ సంపాదించుకోవలసినదిగా కనిపిస్తుంది.

శాస్త్రం ఇలా ఒప్పుకోదని కొందరంటారు. శౌచం శబ్దప్రమాణంతో తెలిసేదే గాని కంటితో చూసి, చేత్తో తాకి తేల్చేది కాదన్నది వారి మాట. అయితే ఆ శబ్దాన్నే అడుగుదాం. మనుస్మృతి ఐదో అధ్యాయం పట్టునూ ఉన్నినీ చవుడుమట్టితో శుద్ధి చేయాలంటుంది, ఒక జాతి కంబళ్లకు కుంకుడుకాయ చెబుతుంది. ఉన్ని స్వతహాగా ఎప్పటికీ శుద్ధమే అయితే ఈ విధి దేనికి? అదే అధ్యాయం పనివాడి చేయి ఎప్పుడూ శుద్ధమేనని కూడా చెప్పింది. నీలిరంగు బట్టకు దోషం చెప్పిన ధర్మశాస్త్రకారులే ఉన్నికీ పట్టుకూ ఆ దోషం లేదని మినహాయించారు. దోషం రంగులోనే ఉంటే ఉన్ని మీద ఎక్కినా ఉండాలి కదా. శాస్త్రం సైతం శుద్ధిని ఒక పదార్థానికి కట్టిపడేయలేదు. వాడుకనూ పనినీ చూసి నిర్ణయించింది.

ఇంకో ఆక్షేపణ బలమైనది. పనివాడి చేయి శుద్ధమన్నది గౌరవం కొద్దీ అన్న మాట కాదు, కొనుక్కునేవాళ్ల సౌకర్యం కోసం పెట్టుకున్న ఏర్పాటు అంటారు. ఇందులో నిజం ఉంది. అదే మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధానికి పిలవకూడని బ్రాహ్మణుల జాబితాలో గొర్రెలతో బతికేవాణ్ణి చేర్చింది. ఉన్ని కావాలి, ఉన్ని వెనక మనిషి వద్దు అన్న బుద్ధి అక్కడ స్పష్టంగా ఉంది. కానీ అవసరం కోసం ఒప్పుకున్నంత మాత్రాన నిజం అబద్ధం కాదు. చేతిని అశుద్ధమంటే ఆ చేతి మీదుగా వచ్చిన వస్త్రం మడి కాజాలదు. వస్త్రం మడి అంటే చేయి మడి కాకుండా ఉండదు. రెండింటిలో ఒకటే నిలుస్తుంది. ఇక ఉన్నికి మురికి త్వరగా అంటదు కాబట్టే దానికి మడి వచ్చిందన్న వివరణ ఉంది. పచ్చి ఉన్నిలోని జిడ్డు నీటిని కొంత ఆపేమాట నిజమే. బాగా ఉతికితే ఆ జిడ్డు చాలావరకు పోతుంది, మడి మాత్రం ఉంటుంది. కాబట్టి ఆ వివరణ సగం దూరమే వస్తుంది.

ఈ నేల మీది భక్తిసంప్రదాయం ఈ చిక్కును ఏనాడో విప్పింది. కర్నూలు ప్రాంతంలో గొరవయ్యలనే శివభక్తులు నల్లకంబళి కప్పుకుని మైలారలింగాన్ని కొలుస్తారు. గొర్రెలకాపరి బట్టే అక్కడ దీక్షావస్త్రం. కోయిలకుంట్లకు దగ్గరలోనే ఉన్న బనగానపల్లెలో పశువులు కాస్తూ కాలజ్ఞానం చెప్పాడని జనం నమ్మే వీరబ్రహ్మం విశ్వబ్రాహ్మణుడు, అంటే చేతిపనివారి కులంవాడు. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూది ఏకే దూదేకుల కులంవాడు. ఆ గురుశిష్యుల చేతుల్లో ఏది మడి అని అడిగినవారికి ఆ సంప్రదాయంలో చోటు లేదు.

మిల్లు దారం చవకగా దొరికే రోజుల్లో రాట్నం పట్టుకోవడం ఎందుకని అడగవచ్చు. పైగా ఉన్నినిచ్చే దక్కని గొర్రె స్థానంలో మాంసం కోసం నెల్లూరు జాతి పెరిగింది. దాని ఒంటిమీద ఉండేది వెంట్రుకలే, ఉన్ని కాదు. అందరూ వడికి బతకాలని నేననడం లేదు. కానీ చేతితో చేసి చూడనివారికి ఇంకొకరి శ్రమ వినికిడిగానే మిగులుతుంది, వినికిడి మీద నిలబడ్డ గౌరవం మొదటి ఇబ్బందికే జారిపోతుంది. నాలుగు మూరల దారం వడికినవారు ఆ పనిని ఇక తక్కువగా చూడలేరు. అందుకే మడి పాటించే ప్రతి కుటుంబానికీ నా విన్నపం: మీ పిల్లలకు ఉన్ని ఏకడం, వడకడం, రంగు వేయడం నేర్పించండి. అది నేర్పగల కురువ అవ్వను ఇంటికి పిలవండి. ఆమెను మీరు జపానికి పరుచుకునే కంబళి మీదే కూర్చోబెట్టి, గురువుకు చేసే మర్యాదలన్నీ చేయండి.