రేపటికి వాయిదా వేయని ప్రభువు



పునీత లూకా సువిశేషం ఆరవ అధ్యాయంలో ఊచచేయి గల ఒక మనిషి కనిపిస్తాడు. అది అతని కుడిచేయి అని లూకాగారు ప్రత్యేకంగా వ్రాశారు. అంటే పనిచేసే చేయి, ఇంటికి అన్నం పెట్టే చేయి. ఆ రోజు విశ్రాంతి దినము. అతనికి ప్రాణాపాయమేమీ లేదు. అయినా ప్రభువు మరునాటి వరకు ఆగలేదు. అతణ్ణి అందరి మధ్య నిలబెట్టి, చేయి చాపమన్నారు. అతడు చాపాడు, స్వస్థుడయ్యాడు. పదమూడవ అధ్యాయంలో పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని బాగుచేసినప్పుడు, మరో రోజు రావచ్చుగదా అని ప్రార్థనామందిరపు అధికారి కోపగించాడు. ప్రభువు ఆ మాటను ఒప్పుకోలేదు.

మన ఇళ్లలో ఈ 'రేపు చూద్దాంలే' అనేది ఎవరు? ఎక్కువగా తల్లులే. పాతబస్తీలో చేతులే ఎందరికో ఆస్తి. లాడ్‌బజారు కోసం వేడి లక్కను గాజుగా చుట్టి రాళ్లు అద్దే చేతులు, జర్దోజీ సూది పట్టే చేతులు, కుట్టుమిషను మీద ఆడే చేతులు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మరి పనిచేసే వేళ్లు వాచిన సంగతి ఇంట్లోని మనం గుర్తిస్తున్నామా?

కీళ్లవాతం, అనగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, పాపఫలం కాదు, దిష్టి కాదు, ముసలితనపు అరుగుదల కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి కీళ్లలోని పొరపై దాడి చేయడం వలన వస్తుంది. ముప్పై, నలభై ఏళ్లవారికీ వస్తుంది. పురుషులకన్నా స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ.

దాని తొలి గుర్తులు తెలుసుకోండి. ఉదయం లేచేసరికి వేళ్లు బిగుసుకొని పిడికిలి ముడవలేరు. అరగంట, గంట గడిచినా ఆ బిగువు సడలదు. వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్లు, పాదాల ముందుభాగం వాస్తాయి. తరచుగా రెండు వైపులా ఒకేలా వాస్తాయి. ఉంగరం తీయడం, కుళాయి తిప్పడం, పిండి పిసకడం కష్టమవుతుంది. నీరసం, సన్నజ్వరం కూడా ఉండవచ్చు. 2005-06లో చికున్‌గున్యా మన ప్రాంతాన్ని వేధించింది మొదలు, ఏ కీలు నొచ్చినా ఆ జ్వరపు నొప్పులేనని సరిపెట్టుకుంటున్నాము. కావచ్చు, కాకపోవచ్చు. తేల్చవలసింది వైద్యులు. ఈ వాపు, బిగువు ఆరు వారాలైనా తగ్గకపోతే ఇక ఆగకూడదు. ఎందుకంటే ఈ జబ్బు తొలి నెలల్లోనే ఎముకను తినడం మొదలుపెట్టవచ్చు. వంకరపోయిన వేలిని మందు తిన్నగా చేయలేదు. ముందే మొదలుపెట్టిన మందు ఆ వంకర రాకుండా చాలావరకు ఆపగలదు.

మీ దగ్గరి వైద్యుణ్ణి అడిగి రుమటాలజిస్టును కలవండి. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పంజాగుట్ట నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది. ఆర్.ఎ. ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి., ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్తపరీక్షలు చేస్తారు. ఆర్.ఎ. ఫ్యాక్టర్ లేదని వచ్చినా జబ్బు ఉండవచ్చు, ఉందని వచ్చినా జబ్బు లేకపోవచ్చు. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. కనుక రిపోర్టు పంపి ఊరుకోక, స్వయంగా వెళ్లి చేతులు చూపించండి. సాధారణంగా ఇచ్చే మెతోట్రెక్సేట్ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. గర్భవతులు, బిడ్డను కోరుకునేవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. మందుల షాపులో నొప్పిబిళ్లలు కొని నెలల తరబడి మింగకండి. కడుపు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండే ప్రమాదమూ ఉంది.

"ఇది దేవుడిచ్చిన సిలువ, మోస్తాను" అనే తల్లులారా, మీ ఓర్పు గొప్పది. కాని మాన్పగల నొప్పిని దాచిపెట్టడం సిలువ మోయడం కాదు. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. రోగి ప్రార్థించాలనీ, వైద్యునికీ చోటివ్వాలనీ, మందులను నేలనుండి పుట్టించినది దేవుడేననీ అక్కడ ఉంది. జపమాల, మందుచీటీ ఒకదానికొకటి శత్రువులు కావు.

ఈ ఆదివారం పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకొంటూ చేతులు జోడించేటప్పుడు, మీ పక్కనున్న అమ్మ చేతులు చూడండి. కణుపులు వాచాయా? అరచేతులు ఒకదానికొకటి ఆనడం లేదా? అయితే ఆమె అడిగేదాకా ఆగకండి. సోమవారమే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

స్వస్థపరచే ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.