కృపి కూడా నాలాగే ఏడవకూడదు

 

ఈ వారం వీడియోలో భాగవతం ప్రథమ స్కంధంలోని అశ్వత్థామ ఘట్టం చెప్పుకున్నాం. కథ అయితే చెప్పేశాను కానీ, అది నాకెందుకంత దగ్గరో కెమెరా ముందు చెప్పలేకపోయాను. రెండుసార్లు ప్రయత్నించి, ఎడిటింగ్‌లో తీసేశాను. రాయడమే కాస్త సులువు. అందుకే ఈసారి పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

వీడియో చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. యుద్ధం అయిపోయింది. దుర్యోధనుడు తొడలు విరిగి పడున్నాడు. ఆ రాత్రి అశ్వత్థామ పాండవ శిబిరంలోకి దొంగలా వెళ్లి, నిద్రపోతున్న ద్రౌపది ఐదుగురు కొడుకుల్నీ చంపేశాడు. యుద్ధంలో ఎదురెదురుగా నిలబడి కాదు, నిద్రలో. చేసింది ఎవరో బయటివాడు కూడా కాదు. గురువుగారి అబ్బాయి. అర్జునుడితో కలిసి ఒకే చోట విల్లు పట్టడం నేర్చుకున్నవాడు.

అర్జునుడు ద్రౌపదికి మాటిచ్చాడు, వాడి తల తెచ్చి నీ ముందు పెడతానని. వెంటపడ్డాడు. అశ్వత్థామ బ్రహ్మాస్త్రం వేశాడు, కృష్ణుడు చెప్పగా అర్జునుడు దాన్ని తన అస్త్రంతో అణిచాడు. పశువుని కట్టినట్టు తాళ్లతో కట్టి, శిబిరానికి లాక్కొచ్చాడు. దారిలో కృష్ణుడు, వీణ్ణి చంపెయ్, ఉంచకు అని రెచ్చగొడతాడు కూడా. అర్జునుడు చంపలేదు. తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఐదుగురు పిల్లలు పోయిన తల్లి. ఎదురుగా, చేతులు కట్టేసి, తలొంచుకుని, చంపినవాడు. పక్కన కత్తి పట్టుకుని భర్త. ఒక్క మాట చాలు.

ఆవిడ వాడికి నమస్కారం పెట్టింది. విడిచిపెట్టండి అంది. పోతనగారి పద్యాల్లో ఈ భాగం చదివితే గొంతు పట్టేస్తుంది. ఆవిడ చెప్పిన కారణాల్లో మొదటివి మర్యాదకి సంబంధించినవే: గురుపుత్రుడు, బ్రాహ్మణుడు, ద్రోణాచార్యుడే ఈ కొడుకు రూపంలో ఉన్నాడు, ఆయన దగ్గరే కదా మీరు విద్యలన్నీ నేర్చుకున్నారు. ఇవన్నీ ఎవరైనా చెప్పగలరు. చివరికి అసలు మాట వస్తుంది. ఇంట్లో వీడి తల్లి కృపి ఉంది. భర్త పోయినా, కొడుకున్నాడని ప్రాణం పట్టుకుని ఉంది. పిల్లలు పోయి నేను ఎలా ఏడుస్తున్నానో, ఆవిడ అలా ఏడవకూడదు.

భాగవతం చెప్పకుండా వదిలేసిన ఒక లింకు ఉంది, భారతం తెలిసినవాళ్లకి తట్టేదే. కృపి భర్తని, అంటే ద్రోణుణ్ణి, తల నరికింది ఎవరు? ధృష్టద్యుమ్నుడు. ద్రౌపదికి సొంత అన్న. ద్రోణుడు ఆయుధం కింద పెట్టింది ఏ మాట విని? అశ్వత్థామ చనిపోయాడని ధర్మరాజు నోట విని. ఆ సగం అబద్ధం చెప్పింది ద్రౌపది భర్త. అంటే మోసపోయినవాళ్లు అటువైపు కూడా ఉన్నారు. కృపి పేరు ఎత్తినప్పుడు ఇదంతా ద్రౌపదికి తెలుసు. తెలిసీ ఎత్తింది.

ఇంకో సంగతి నిజాయితీగా చెప్పాలి. భారతంలో, సౌప్తిక పర్వంలో, ద్రౌపది ఇలా ఉండదు. నకులుడు వెళ్లి ఆమెను ఉపప్లావ్యం నుంచి తీసుకొస్తాడు. విషయం తెలిసి కూలిపోతుంది. అశ్వత్థామ చావకపోతే నేను ఇక్కడే అన్నం నీళ్లు మాని ప్రాణాలు వదిలేస్తానని ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. వాడి తలలో పుట్టుకతో ఉన్న మణి తెచ్చి ధర్మరాజు తలమీద చూస్తే తప్ప బతకనంటుంది. భీముడు బయల్దేరతాడు. మణి చేతికి వచ్చాకే ఆవిడ లేస్తుంది.

మరి ఏది అసలు ద్రౌపది? మొదట్లో ఈ తేడా నన్ను చాలా ఇబ్బంది పెట్టింది (ఇంజనీర్ బుర్ర కదా, రెండు వెర్షన్లు ఉంటే ఒకటి తప్పయి ఉండాలనుకుంటుంది). ఇప్పుడు అలా అనిపించట్లేదు. ఒకే మనిషిలో ఆ ఇద్దరూ ఉంటారు. నాకు తెలుసు, ఎందుకంటే నాలో ఉన్నారు.

మా నాన్న పోయి రెండేళ్లయింది. హాస్పిటల్లో 19 రోజులున్నారు. అంతకు ఏడాది ముందు, నా హాస్టల్ రూమ్మేట్, నాలుగేళ్లు ఒకే కంచంలో తిన్నవాడు, బిజినెస్ మొదలుపెడుతున్నానంటే నా దగ్గరున్న 3 లక్షలు ఇచ్చాను. నాన్న ఐసీయూలో ఉన్న మూడో రోజు ఫోన్ చేసి, మొత్తం కాదురా, ఎంత సర్దగలిగితే అంత అన్నాను. సరే సాయంత్రానికల్లా అన్నాడు. సాయంత్రం నుంచి నా నంబరు బ్లాక్. డబ్బు వేరేచోట అప్పు దొరికింది, వైద్యం ఏమీ ఆగలేదు. ఆ 3 లక్షల వల్ల నాన్న పోయారని నేను అనలేను, అది అబద్ధం. కానీ ఆ సాయంత్రం ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉన్నది మాత్రం నేను మర్చిపోను.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను భారతంలో ద్రౌపదినే. వాడి పరువు ఎలా తీయాలా అని రాత్రిళ్లు ఆలోచించేవాణ్ణి. కాలేజీ గ్రూపులో పెట్టడానికి స్క్రీన్‌షాట్లన్నీ ఒక ఫోల్డర్‌లో సర్దుకున్నాను. దీపం పెట్టి విష్ణు సహస్రనామం చదువుతూ మధ్యలో ఆ ఫోల్డర్ గుర్తొచ్చేది.

సంక్రాంతికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు, సెలవులకి వెళ్తే నాకూ అన్నం పెట్టిన చెయ్యి. ఆవిడకి ఏమీ తెలియదు. "ఏం నాన్నా, నాన్నగారు పోయారంటగా, మావాడు చెప్పనేలేదు, ఎవరో చెబితే తెలిసింది. అమ్మెలా ఉంది? పండక్కి రావేం? అరిసెలు చేశాను" అంది. వాడి గురించి నేను అడక్కుండానే, వాడికి ఏదో బాగోలేనట్టుంది బాబూ, సరిగ్గా మాట్లాడట్లేదు, నువ్వొకసారి కనుక్కో అంది.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మీవాడు ఏం చేశాడో తెలుసా అమ్మా అని. ఆ క్షణంలో నాకు ఏ శ్లోకమూ గుర్తు రాలేదు. నాన్న పోయిన రోజు మా అమ్మ మొహం గుర్తొచ్చింది. "కనుక్కుంటానమ్మా" అని పెట్టేశాను. కృపి పేరు తర్వాత తట్టింది, వారం తర్వాతో ఎప్పుడో.

అలాగని వాణ్ణి క్షమించేశానా? అక్కడే కృష్ణుడు నాకు పనికొచ్చాడు. ద్రౌపది మాట విని ధర్మరాజు, అర్జునుడు, నకుల సహదేవులు అందరూ సరే అన్నారు. భీముడు మాత్రం చంపాల్సిందే అన్నాడు. కృష్ణుడు ఏమన్నాడంటే, ఇలాంటి బ్రాహ్మణుణ్ణి చంపకూడదన్నదీ, ఆతతాయిని చంపాలన్నదీ రెండూ నేను చెప్పినవే, రెండూ నెరవేర్చు. అర్జునుడికి అర్థమైంది. జుట్టుతో సహా ఆ మణి కోసేసి, శిబిరం నుంచి గెంటేశాడు. ప్రాణం ఉంది, తేజస్సు పోయింది. వదిలేయడం అంటే ఏమీ జరగనట్టు నటించడం కాదన్నమాట. నేను ఆ ఫోల్డర్ తీసేశాను. లాయర్ నోటీసు మాత్రం పంపాను, వాళ్ల ఊరి అడ్రస్‌కి కాదు, హైదరాబాద్‌లో వాడుండే అడ్రస్‌కి. ఇంకా జవాబు రాలేదు.

వీడియోలో ఒకటి సాగదీయడం ఇష్టం లేక వదిలేశాను, ఇక్కడ చెప్పాలి. వదిలేసిన అశ్వత్థామ బుద్ధి తెచ్చుకోలేదు. తర్వాతి అధ్యాయంలోనే ఉత్తర కడుపులో ఉన్న బిడ్డమీద మళ్లీ అస్త్రం వేస్తాడు. ఆ తల్లి పరుగెత్తుకుంటూ కృష్ణుడి దగ్గరికొస్తుంది, ఆయన ఆ గర్భాన్ని కాపాడతాడు. దయ చూపిస్తే ఎదుటివాడు మారిపోతాడని భాగవతం మనకి ఎక్కడా గ్యారంటీ ఇవ్వలేదు. ద్రౌపది దయ వాణ్ణి మార్చడానికి కాదు. ఇంకో తల్లి ఏడవకుండా ఉండటానికి. అంతే. ఆ వెంటనే కుంతి చేసే స్తోత్రం వస్తుంది. కష్టాలు మళ్లీ మళ్లీ రానీ, అవి వచ్చినప్పుడే కదా నువ్వు కనిపిస్తావు అని అడుగుతుంది ఆవిడ. నేను ఆ ప్రార్థన చెయ్యలేను, చేస్తున్నట్టు మీ ముందు నటించను.

ఇప్పుడు కొంతమందికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. నాన్న పోయినప్పుడు నన్ను నిలబెట్టినవాళ్లలో మా టీమ్‌లో ఉన్న ఒక అక్క ఉంది. క్రిస్టియన్, గుంటూరు వాళ్లు. 2021 మేలో కోవిడ్‌కి భర్త పోయారు, చిన్న పాప. నేను పదిరోజుల తర్వాత ఆఫీసుకి వెళ్లిన రోజు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, "తమ్ముడూ, నీకు అభ్యంతరం లేకపోతే నీకోసం ప్రార్థన చేసుకోనా?" అంది. సరే అక్కా అన్నాను. తల వంచుకుని, పైకి వినపడకుండా, ఒక నిమిషం. లేచి వెళ్తూ తన క్యారేజీలోంచి సగం అన్నం నాకు పెట్టి వెళ్లింది. ఆ రోజు కాదు, ఆ నెలంతా కూడా చర్చికి రమ్మనలేదు, పుస్తకం ఇవ్వలేదు.

చాలా నెలల తర్వాత నేనే అడిగాను, మీ ఆయన పోయినప్పుడు దేవుడిమీద కోపం రాలేదా అక్కా అని. వచ్చింది, ఇప్పటికీ ఉంది అంది. తర్వాత నా ఫ్రెండ్ సంగతి చెబితే, పేతురు కథ చెప్పింది. యేసుని అమ్మినవాడు యూదా అని మనందరికీ తెలుసు. పట్టించబోతున్నాడని తెలిసి కూడా ఆ రాత్రి యేసు వాడి కాళ్లు కడిగాడట. కానీ నాకు అంతకన్నా తగిలింది పేతురు సంగతి. ప్రాణమైనా ఇస్తానన్నవాడు, అదే రాత్రి బొగ్గుల మంట దగ్గర చలికాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. వాళ్ల నమ్మకం ప్రకారం యేసు లేచాక, సముద్రం ఒడ్డున మళ్లీ ఒక బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, పేతురుకి తినడానికి పెట్టాడు. పెట్టాక, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. ఎందుకు మూడుసార్లు అంటే, అక్క నవ్వి, "లెక్క సరిపోవాలిగా తమ్ముడూ" అంది.

నేను ద్రౌపది కథ చెప్పాను. ఆవిడ మధ్యలో మాట్లాడకుండా విని, కృపి పేరు మళ్లీ అడిగి గుర్తుపెట్టుకుంది. రెండూ ఒకటే అని నేననను, ఆవిడా అనదు. పేతురు ఏడ్చి తిరిగొచ్చాడు, అశ్వత్థామ రాలేదు. ఆవిడకి ఆవిడ దేవుడున్నాడు, నాకు నా కృష్ణుడున్నాడు. కానీ నమ్మకాన్ని ఎదుటివాళ్లకి ఎలా చెప్పాలో నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, ఇది మన ఛానల్‌లో చెప్పడానికి నాకు సిగ్గులేదు.

ఎందుకంటే నేను దాన్ని ఘోరంగా చేసినవాణ్ణి. ఛానల్ మొదలుపెట్టిన కొత్తలో ఒక కాలేజీ ఫ్రెండ్‌కి తల్లి పోయింది. అదే రోజు, ఇంకా దహనం కూడా అవ్వలేదేమో, గీత రెండో అధ్యాయం మీద నేను చేసిన మూడు వీడియోల లింకులు వాడికి వాట్సాప్ చేశాను. ఆత్మకి చావు లేదురా అని ఒక మెసేజ్ కూడా. వాడు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు. తర్వాత నాతో మాట్లాడలేదు. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వాడు అడగలేదు, అంతే.

భాగవతం పుట్టిందే ఒకరు అడిగితే. ఉత్తర కడుపులో కృష్ణుడు కాపాడిన ఆ బిడ్డే పరీక్షిత్తు. పెద్దయ్యాక, ఏడు రోజుల్లో చావు ఖాయమని తెలిసి, గంగ ఒడ్డున కూర్చుని అడిగాడు, చావబోయేవాడు ఏం చెయ్యాలి అని. శుకమహర్షి చెప్పాడు. శుకుడి గురించి ఒక మాట ఉంటుంది, గృహస్థు వాకిట్లో ఆయన ఆవు పాలు పితికేంతసేపు మాత్రమే నిలబడతాడట, అంతకన్నా ఆగడు. అలాంటివాడు, అడిగినవాడి కోసం ఏడు రోజులూ కూర్చున్నాడు. అడగనివాళ్ల ఇంటిముందు పాలు పితికేంతసేపు, అడిగినవాడి పక్కన చివరిదాకా. మూడు లింకులు పంపిన రోజున నాకు ఈ లెక్క తెలియదు. ఆ ఫ్రెండ్‌కి ఈ మధ్య సారీ చెబుతూ మెసేజ్ పెట్టాను, లింకు లేకుండా. చూశాడు.

మొన్న తెనాలి నుంచి ఆ అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. నోటీసు సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు. ఈ ఏడు కాయ బాగా వచ్చింది, ఆవకాయ పెట్టాను, మీ అమ్మ ఈసారి పెట్టి ఉండదుగా, కొరియర్‌లో వేయిస్తాను, అడ్రస్ పెట్టు నాన్నా అంది. నిజమే, అమ్మ నాన్న పోయాక పచ్చడి పెట్టలేదు.

అడ్రస్ పెట్టాను.