తప్పు చెప్పినవాడికి అభయం





అబద్ధమాడనని పంచశీలలో రోజూ చెప్పుకుంటున్నాం. మంచిదే. కానీ నిజం చెబితే ఉద్యోగం పోతుందని, పిల్లల నోటికాడ కూడు పోతుందని భయపడే మనిషిని "ఎందుకు చెప్పలేదు?" అని నిలదీసే హక్కు ఎవరికుంది? ఈ ప్రశ్నను రైలు పట్టాల మీద పెట్టి చూద్దాం.

మన నగరం మండలం వాళ్లం రేపల్లెలోనో భట్టిప్రోలులోనో రైలెక్కి తెనాలి పోతాం. ఇంజన్‌లో కూర్చున్న లోకో పైలట్ ముఖం కూడా మనం చూడం. మన ప్రాణం మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. వరుస రాత్రి డ్యూటీల్లో అతనికి ఒక్క క్షణం రెప్ప వాలిందనుకోండి. ఎర్ర సిగ్నల్‌ను ఆఖరి నిమిషంలో చూసి బ్రేకు వేశాడు. బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతి అతను పై అధికారికి చెబుతాడా? చెబితే చార్జిషీటు వస్తుందేమోనని భయం. చెప్పకపోతే ఆ డ్యూటీ చార్టు మారదు. రేపు అదే అలసటతో ఇంకొకడు అదే దారిన వస్తాడు. అతనికి బ్రేకు వేసే టైము దొరక్కపోవచ్చు.

ఇది ఊహ కాదు. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హోసదుర్గ రోడ్డు స్టేషన్లో సిగ్నల్ ఒక లైనుకిచ్చి, పాయింట్లు ఇంకో లైనుకున్నాయి. లోకో పైలట్ కనిపెట్టి బండి ఆపేశాడు. సిగ్నల్ వ్యవస్థలో లోపముందని ఒక పెద్ద అధికారి లేఖ కూడా రాశారు. దాదాపు నాలుగు నెలలకు, జూన్ 2న, ఒడిశాలోని బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ తప్పు లైన్లోకి పోయి గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. 2022 మే నెలలో అదే ఖరగ్‌పూర్ డివిజన్లో ఇలాంటి వైరింగ్ లోపమే బయటపడిందనీ, అప్పుడే సరిచేసి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదనీ విచారణ నివేదిక చెప్పింది. తృటిలో తప్పిన ప్రమాదం ఒక హెచ్చరిక. వినకపోతే అదే శవాల లెక్కగా తిరిగొస్తుంది.

అదే ఏడాది అక్టోబర్ 29న మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొన్నాయి. వెంటనే మానవ తప్పిదమన్నారు. వెనుక బండి లోకో పైలట్ ఆ ప్రమాదంలోనే చనిపోయాడు. తన మాట చెప్పుకోవడానికి ఆయన లేడు. నింద ఎప్పుడూ కిందికే జారుతుంది. కులం నిచ్చెన కింద నిలబడ్డ మనకు ఇది వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

అమెరికాలో దీనికొక దారి వెతికారు. 1974 డిసెంబర్ 1న వర్జీనియా కొండల్లో విమానం కూలి 92 మంది పోయారు. అంతకు ఆరు వారాల ముందు ఇంకో కంపెనీ విమానం అక్కడే తృటిలో బయటపడింది. ఆ కబురు వీళ్లకు అందలేదు. దాంతో 1976లో విమాన సిబ్బంది రహస్యంగా నివేదించే ఏర్పాటు పెట్టి, నడిపే పని నాసాకిచ్చారు. శిక్షవేసే శాఖ చేతికి కాకుండా, శిక్షించే అధికారం లేని సంస్థకిచ్చారన్నమాట. అలాంటిదే 2007 నుంచి రైల్వేలోనూ మొదలుపెట్టారు. పేరు తీసేసి, కార్మికులు, యాజమాన్యం, ప్రభుత్వం కలిసి కూర్చుని కారణం వెతుకుతారు. గడువులోపు చెప్పినవాడిపై ఆ ఘటనకు చర్య ఉండదు. కానీ ప్రమాదం జరిగిపోయినా, కావాలని చేసినా, తాగి నడిపినా ఈ రక్షణ వర్తించదు.

"క్షమాపణలు మాకు చెప్పొద్దు" అని మీలో కొందరనొచ్చు. నిజమే. చుండూరు చూసినవాళ్లం మనం. 1991 ఆగస్టు 6న మనోళ్లను నరికితే, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రాజీ అనే మాట వింటేనే మన కడుపు మండుతుంది. కానీ తేడా చూడండి. అక్కడ చంపినవాడు దాక్కోవడానికి రక్షణ దొరికింది. ఇక్కడ ఎవరూ చావకముందే నిజం బయటికి రావడానికి రక్షణ అడుగుతున్నాం. బాధితుల హక్కును తాకట్టు పెడితే అది రాజీ. బాధితులే లేకుండా చూస్తే అది కరుణ.

బుద్ధుడు తన కొడుకు రాహులుడికి ఏం నేర్పాడు? చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక ఆలోచించమన్నాడు. హాని జరిగిందని తెలిస్తే గురువు దగ్గరో, తెలివైన తోటివారి దగ్గరో చెప్పి, ఇకమీదట జాగ్రత్తపడమన్నాడు. ఈ బోధను భిక్షువులు, ఉపాసకులు పదేపదే వినాలని అశోకుడు రాతిమీద చెక్కించాడు. ఇందులో సగమే మనం గుర్తుపెట్టుకుంటాం. చెప్పేవాడి నిజాయితీ ఒక సగమైతే, వినేవాడు కర్ర పట్టుకుని కూర్చోకపోవడం రెండో సగం. వర్షావాసం ముగిసినప్పుడు భిక్షువులు "నాలో తప్పు చూసినా, విన్నా, అనుమానం వచ్చినా చెప్పండి" అని సంఘాన్ని కోరతారు. బుద్ధుడు కూడా అలాగే కోరాడు. ముందు పెద్దవాడు అడగాలి. అప్పుడే చిన్నవాడికి నోరు పెగులుతుంది.

అందుకే సత్యం ఒక్క మనిషి మోయాల్సిన బరువు కాదు. సమాజం దానికి చోటివ్వాలి. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ కార్మికుడి రక్షణ చట్టంలో ఉండాలన్నాడు గానీ, దొరగారి దయ మీద వదిలెయ్యలేదు. మన పల్లెల నుంచి గ్యాంగ్‌మెన్‌గా, ట్రాక్‌మెన్‌గా, లోకో పైలట్లుగా వెళ్లినవాళ్లున్నారు. విరిగిన పట్టా గురించో, నిద్రలేని డ్యూటీ గురించో భయం లేకుండా చెప్పే హక్కు వాళ్లకు చట్టబద్ధంగా కావాలని వాళ్ల సంఘాలతో కలిసి మనమూ అడుగుదాం.

మన ఇళ్లల్లో, మన సంఘాల్లో కూడా చూసుకుందాం. పిల్లాడు తప్పు ఒప్పుకున్న రోజు మన చెయ్యి ముందు లేస్తుందా, చెవి ముందు వింటుందా?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!