ఏడేళ్ళ పిల్లాడు చేసిన కర్మ ఏంటి?



కార్తీక మాసంలో కర్మ సిద్ధాంతం మీద మనం చేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో నేనొక మాట అన్నా. శరీరానికొచ్చే ప్రతి రోగం మనం ఎప్పుడో చేసినదాని ఫలమే అని. నమ్మే చెప్పా. ఆ రాత్రి కాకినాడ నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. వాళ్ళ బాబుకి ఏడేళ్ళు, తలసీమియా మేజర్. పసివాడుగా ఉన్నప్పటి నుంచీ మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అక్క కోప్పడలేదు. "ఒరే, నువ్వే చెప్పు. వీడు ఏం చేశాడంటావు?" అని మాత్రం అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. పెట్టేశా ఫోన్.

తర్వాత చాలా రోజులు దాన్ని గురించే చదివా. చదువుతూ వెళ్తే మొదట తెలిసిన సంగతి, ఇది ఒక అక్షరదోషం లాంటిదని. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటి ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు తరం నుంచి తరానికి నకలవుతూ వచ్చేటప్పుడు ఎక్కడో తప్పు పడింది. ఆ జన్యువు మనకి రెండు ప్రతులు వస్తాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటే చెడితే మనిషి మామూలుగానే ఉంటాడు, మహా అయితే కాస్త రక్తహీనత. వాళ్ళని క్యారియర్లు అంటారు. రెండూ చెడితే మా వాడి పరిస్థితి. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ఆ అవకాశం ఉంటుంది.

మరి ఇంత హాని చేసే జన్యువు ఎప్పుడో అంతరించిపోవాలి కదా? ప్రకృతి వరణం అంటే అదే కదా, పనికిరానిది క్రమంగా తగ్గిపోవడం? కానీ మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు దీన్ని మోస్తున్నారు. మధ్యధరా సముద్రం చుట్టూ కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. ఈ చిక్కుముడి విప్పే ఊహ 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చేశాడు. ఒక్క ప్రతి మోసేవాళ్ళని మలేరియా అంత తేలిగ్గా చంపలేకపోతోందేమో, అందుకే ఆ జన్యువు నిలిచిపోయిందేమో అన్నాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో సరిగ్గా ఇదే చూపించాడు. తలసీమియా గురించిన ఊహ కూడా తర్వాత పరిశోధనల్లో నిలబడింది.

మలేరియా క్రిమి జ్వరం తెప్పించేలా పెరిగేది ఎర్రరక్తకణంలోనే. (ఆ క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే.) గోదావరి దాటి మన్యానికి వెళ్ళొస్తే చలిజ్వరం తప్పదని మా అమ్మమ్మ అంటుండేది. అలాంటి జ్వరాలు ఊళ్ళకి ఊళ్ళని తీసుకుపోయిన కాలంలో, ఈ తప్పు ప్రతి ఒకటి ఉన్నవాళ్ళు కొంచెం ఎక్కువగా మిగిలారు, పిల్లల్ని కన్నారు. ఆ పిల్లల్లో కొందరికి రెండు ప్రతులూ పడ్డాయి. వాళ్ళు పోయారు. ఎక్కువమంది బతకడానికి కొందరు మూల్యం కట్టారన్నమాట. అయితే అది ఎవరూ కూర్చుని వేసిన లెక్క కాదు.

ఇంతవరకూ చదివాక నేనూ పరీక్ష చేయించుకున్నా. హెచ్‌బీఏ2 అని ఒక రక్తపరీక్ష. రిపోర్టులో నేనూ క్యారియర్‌నే.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. మా అమ్మ, పెద్దమ్మ, మామయ్య ముగ్గురూ ఒక తల్లి బిడ్డలు. అక్కని మామయ్య కొడుక్కే ఇచ్చారు, మేనరికం. తాతయ్య నుంచో అమ్మమ్మ నుంచో దిగిన అదే జన్యువు అటు వాడికి రెండు వైపుల నుంచీ చేరింది, ఇటు నాకు ఒకవైపు నుంచే వచ్చి ఊరుకుంది. నాకు ఇన్నేళ్ళలో ఒక్క రోజు ఇబ్బంది లేదు. పైగా నా పూర్వీకుల్లో ఎవరో ఒకరు చలిజ్వరం నుంచి లేచి కూర్చున్నది దాని వల్లే అయ్యుండొచ్చు. అదే జన్యువు నాకు కవచం, వాడికి సూది. నేను ఏ పుణ్యం చేశానని చెప్పుకోను?

మీలో కొందరు అంటారు, నాకు తెలుసు: "సైన్స్ ఎలా జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో కర్మ చెబుతుంది. ఆ జీవుడు తన కర్మకి తగిన శరీరంలోకే వచ్చాడు." నేనూ ఎన్నోసార్లు ఇదే చెప్పా. కాదని నిరూపించలేం కూడా. కానీ కర్మ గతి అంతుపట్టదని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. ఆయనే అంతుపట్టదన్నదాన్ని నేను పది నిమిషాల వీడియోలో ఇంకొకరి బిడ్డకి అంటగట్టాను. అర్జునుడికి కృష్ణుడు చెప్పింది నువ్వు చేయాల్సిన పని ఇది అని. పక్కవాడి రోగాన్ని చూసి వాడి గతజన్మ చదవమని కాదు.

మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడి కథ గుర్తుందా? తల్లి కడుపులో ఉండగానే తండ్రి కోపానికి ఎనిమిది వంకర్లతో పుట్టాడు. ఆ వంకర్లు తండ్రి నోట వచ్చిన శాపం. పిల్లాడి ఖాతాలో రాయలేదు వ్యాసుడు. ఈ కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఈ సంగతి మాత్రం ఇప్పుడే తట్టింది.

అవతలి వైపు ఇంకో తప్పు కూడా ఉంది. ప్రకృతి ఎంచుకున్నదే ధర్మం, బలహీనుడు పోవడమే సహజం అనేవాళ్ళు. (దశావతారాలే డార్విన్ సిద్ధాంతం అని ఫార్వర్డ్‌లు పంపేవాళ్ళు వేరే. హాల్డేన్ కూడా ఆ పోలిక సరదాగా గమనించాడు. పరశురాముడికీ రాముడికీ మధ్య జన్యువుల్లో ఏం మారిందో మాత్రం నన్నడక్కండి.) ఇద్దరు అన్నదమ్ముల కోసమో, ఎనిమిది మంది కజిన్ల కోసమో అయితే ప్రాణమిస్తానని హాల్డేన్ జోక్ చేశాడని చెబుతారు. మన జన్యువుల్లో సగం తోబుట్టువులో, ఎనిమిదో వంతు కజిన్‌లో ఉంటాయి కాబట్టి లెక్క సరిపోతుందని. 1964లో హామిల్టన్ దాన్ని నిజంగానే గణితంగా రాశాడు. అమ్మ ప్రేమకి, అన్నదమ్ముల తెగింపుకి అది చాలావరకు సరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ మా వాడికి వచ్చే రక్తం సంచీ ఆ లెక్కలో ఎక్కడ ఉంది? ఇచ్చినవాడికి వీడు అన్న కాదు, తమ్ముడు కాదు, కులం తెలీదు, పేరు తెలీదు. పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి చక్రవర్తికి ఆ పావురం ఏమవుతుంది?

హాల్డేన్ 1957లో ఇండియా వచ్చేశాడు, మన పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు. పాఠాలకీ పరిశోధనకీ వాడుకోమని దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. అక్క వాళ్ళ ఊళ్ళోనే ఉన్న ఈ సంగతి అక్కకి తెలీదు, నేను చెప్పేదాకా.

పెళ్ళి వయసులో ఉన్నవాళ్ళకి ఒక మాట. జాతకాలు చూపించుకోండి, వద్దనను. దాంతోపాటు ఆ హెచ్‌బీఏ2 పరీక్ష కూడా చేయించుకోండి. సైప్రస్‌లో 1980ల నుంచి చర్చిలో పెళ్ళి కావాలంటే ఈ పరీక్ష చేయించుకున్న కాగితం చూపించాలి. అక్కడ ఇలాంటి పిల్లలు పుట్టడం దాదాపు ఆగిపోయింది. మన కల్యాణమండపాల్లో ఎవరూ అడగడం లేదు.

వీడియోలో ఆ ముక్క తీసేశా. అక్కకి ఫోన్ చేసి, "నాకు తెలీదక్కా, తెలీకుండా చెప్పా" అన్నా. "సరేలే, ఆదివారం వీణ్ణి రక్తానికి తీసుకెళ్ళాలి, మీ బావ ఊళ్ళో లేడు, వస్తావా?" అంది. వెళ్ళా.

సూది గుచ్చేటప్పుడు వాడు ఏడవలేదు, అలవాటైపోయింది. సంచీ వైపు చూస్తూ అడిగాడు.

"మామయ్యా, ఇది ఎవరిది?"

"తెలీదురా."

"వాళ్ళకి నేను తెలుసా?"

"తెలీదు."

కాసేపు ఆలోచించి, ఫోన్ ఇవ్వమన్నాడు. ఛోటా భీమ్ పెట్టిచ్చా.