విస్తరి వేశాక

పెట్టటం పుణ్యమని చిన్నప్పట్నుంచీ విన్నాం. పెట్టటం మానేస్తే పాపమా అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. వాకిట్లోకొచ్చిన వాడికి ఇవాళ గుప్పెడు బియ్యం వేస్తాం, రేపు వెయ్యలేకపోవచ్చు. అది మన శక్తిని బట్టి. కాని పిలిచి, పీట వేసి, వడ్డించి, రెండు ముద్దలు తిన్నాక విస్తరి లాగేస్తే? అసలు పిలవకపోవటం కంటే అది పెద్ద తప్పు కదూ!

ఎయిడ్స్ మందుల సంగతి ఇలాంటిదే. ఇది వారం రోజులు వాడి మానేసే మందు కాదు. రోజూ, జీవితాంతం వేసుకోవాలి. వేసుకున్నన్నాళ్ళూ మనిషి అందరిలాగే వంట చేసుకుంటుంది, పనికి వెళ్తుంది, పిల్లల్ని బడికి పంపుతుంది. గర్భిణి వేళకి మందు వాడితే బిడ్డకి సోకే ప్రమాదం నూటికి అయిదు కంటే తగ్గిపోతుంది. మానేస్తేనో, కొద్ది వారాల్లోనే వైరస్ మళ్ళీ తల ఎత్తుతుంది.

2003లో అమెరికా ప్రభుత్వం పెప్‌ఫార్ అనే పథకం పెట్టింది. పదివేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. రెండు కోట్లమందికి పైగా ఆ విస్తరి ముందు కూర్చున్నారు. 2025 జనవరిలో ఒక్క ఉత్తర్వుతో విదేశీ సాయం నిలిపేశారు. ప్రాణాలు నిలిపే మందులకి తర్వాత మినహాయింపు ఇచ్చారు గాని, ఈలోగా ఆఫ్రికాలో ఎన్నో క్లినిక్కులు మూతపడ్డాయి.

"ఎల్లకాలం ఒకరే పెట్టాలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. పనిమనిషి కూతురికి మూడేళ్ళు ఫీజు కట్టినంత మాత్రాన ఆ పిల్ల పెళ్ళిదాకా భారం మనదే అనలేం. కాని మానదలుచుకుంటే పరీక్షల ముందు రోజు చెబుతామా? ఏడాది ముందే చెప్పి, వేరే దారి చూసుకునే వ్యవధి ఇస్తాం. చెప్పకుండా ఆపకపోవటం ఇచ్చేవాడి ధర్మం. తన పొయ్యి తాను రాజేసుకోవటం పుచ్చుకునేవాడి ధర్మం.

ఆ రెండో పని మన దేశం చాలావరకు చేసింది. 1992లో ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ప్రపంచబ్యాంకు అప్పుతో మొదలైంది. 2001లో మన సిప్లా కంపెనీ, అంతకుముందు ఏడాదికి పదివేల డాలర్లు దాటిన మందుల్ని 350 డాలర్లకే ఇస్తానంది. 2004 ఏప్రిల్ నుంచి సర్కారు ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టారు. 2021 నుంచి 2026 దాకా సాగే అయిదో దశకి 15,471.94 కోట్ల రూపాయలు కేంద్రమే మంజూరు చేసింది.

మరి ఉచితమన్నంత మాత్రాన ఖర్చు లేదా? జగిత్యాల దగ్గర గొల్లపల్లిలో బీడీలు చేసుకునే ఓ ఇల్లాలికి ఈ జబ్బుందనుకోండి. మందు కోసం పట్నం ఆసుపత్రికి పోవాలి. బస్సు ఖర్చు ఒకటి, ఆ రోజు బీడీల కూలి పోవటం ఒకటి. బస్సులో పక్కావిడ "ఎటు పోతున్నవక్కా?" అంటే చెప్పాల్సిన అబద్ధం ఇంకొకటి. తెలంగాణలో ఈ రోగుల పింఛనుని 2019లో 2,016 రూపాయలు చేశారు. దానితో మొదటి రెండూ ఎలాగో గడుస్తాయి. మూడోదానికి కావలసింది తోడు వెళ్ళి, ధైర్యం చెప్పి, నెల తప్పితే ఇంటికొచ్చి పలకరించే మనిషి. డబ్బు తగ్గినప్పుడల్లా ముందుగా ఊడేది ఆ మనిషి జీతమే. మాత్రలకైతే రసీదు ఉంటుంది, ధైర్యానికి రసీదు ఎక్కడ తెస్తాం?

నెలాఖరున చేతిలో డబ్బాడనప్పుడు మనం పాలు తగ్గిస్తాం, చీర వాయిదా వేస్తాం. మామగారి గుండె మాత్రలు మాత్రం ఆపం. ఆయన మన మనిషి కనక. గొల్లపల్లి ఇల్లాలు ఎవరి మనిషి, ఆఫ్రికా పల్లెలో ఇల్లాలు ఎవరి మనిషి అన్నది తేలితే, ఏ ఖర్చు తగ్గించాలో ఎవరూ మనకి చెప్పనక్కర్లేదు.