అర్హత వేరు, యోగ్యత వేరు

అర్హత యనునది యితరులు మనకిచ్చునది. యోగ్యత మనము సంపాదించుకొనునది. నిత్యవ్యవహారమున ఒకదానికి బదులు మరొకదానిని వాడినను పెద్ద హాని లేదు. కాని పదునేడేండ్ల బిడ్డ భవిష్యత్తును నిర్ణయించు తరుణమున ఈ రెంటిని ఒకటిగా నెంచుటవలన ఆ బిడ్డకును, రేపు ఆ బిడ్డచేత చికిత్స పొందబోవు రోగికిని అన్యాయము జరుగుచున్నది. దంతవైద్య విద్యాప్రవేశమునకై మన యిండ్లలో జరుగు ప్రయత్నమును దృష్టాంతముగా గైకొని ఈ విషయమును విచారింతము.

మన దేశమున దంతవైద్య విద్యకు శతాబ్దికి మించిన చరిత్ర కలదు. 1920లో డాక్టరు ఆర్. అహమ్మదుగారు కలకత్తాలో స్థాపించిన కళాశాల దానికి నాంది. మదరాసున 1953లోను, బెంగుళూరున 1958లోను ప్రభుత్వ దంతవైద్య విద్యాశాఖలు వెలసినవి. నేడు మన మే రాష్ట్రమున నివసించుచున్నను బి.డి.ఎస్. చదువునకు ద్వార మొక్కటే. అది నీట్ అను జాతీయ ప్రవేశపరీక్ష. 2013లో తొలిసారి జరిగి, ఆ యేడే సుప్రీంకోర్టు తీర్పుచే ఆగిపోయి, 2016లో మరల వచ్చినది. 2025లో ఆ పరీక్షకు 180 ప్రశ్నలు, 180 నిమిషములు, 720 మార్కులు. భౌతిక రసాయన శాస్త్రములనుండి చెరి 45 ప్రశ్నలు, జీవశాస్త్రమునుండి 90. ఒప్పునకు నాలుగు మార్కులు. తప్పునకు ఒకటి కోత. అనగా ఆలోచించుటకు ప్రశ్న కొక నిమిషము.

ఈ నిమిషములలో తేలునది యేమి? జ్ఞాపకశక్తి, వేగము, నియమబద్ధమైన శ్రమ. ఇవి తక్కువ గుణములు కావు. కాని వీనినే యోగ్యత యనుటకు వీలులేదని 2021లో జరిగిన యొక సంఘటన చెప్పుచున్నది. ఆ విద్యాసంవత్సరమున దేశమున దాదాపు 7,000 బి.డి.ఎస్. సీట్లు మిగిలిపోగా, కనీసార్హతను పది పర్సెంటైలు తగ్గింపుమని ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించినది. సామాన్య వర్గమున 50గా నున్న గీత 40కి దిగినది. నిన్న అనర్హుడైన బాలుడు నేడు అర్హుడయ్యెను. ఈ రెండు దినముల నడుమ ఆ బాలుని తెలివిగాని, గుణముగాని మారలేదు. గీత మాత్రమే మారినది. ఎందరికి చోటున్నదను లెక్కనుబట్టి జరుగు గీత మనిషి విలువను కొలువజాలదు. ఆ గీతకు దిగువ నిలిచిన బిడ్డను పనికిమాలినవాడనుట యెంత పొరపాటో, ఎగువ నిలిచినవానిని అప్పుడే వైద్యునిగా భావించుటయు నంతే పొరపాటు.

అట్లయిన పరీక్షయే వలదందురా యని కొంద రడుగవచ్చును. అట్లనుట న్యాయము కాదు. పరీక్ష లేనిచోట సిఫారసు వచ్చును. సిఫారసు లేనిచోట ధనము వచ్చును. పరభాషా ప్రాంతములందు తరతరములుగా నివసించు మనవంటి వారికి, నీ వెవరి తాలూకు అని యడుగని పరీక్ష యొక రక్షయే. కాని పేరు, ఊరు అడుగని పరీక్ష కూడ ఖర్చు అడుగుచున్నది. బరంపురమునుండియో, బళ్లారినుండియో బిడ్డను విజయవాడకు పంపి, ఫలితము రాకున్న మరియొక యేడు కూర్చుండబెట్టి చదివింపగల తండ్రి యొకడు. బడి పాఠము తప్ప వేరు ఆధారము లేని తండ్రి యొకడు. వీరి బిడ్డల మార్కులను ఒకే త్రాసున తూచునప్పుడు, ఆ తూకములో తండ్రి సంచి బరువెంతయో కూడ తలచుకొనవలయును. తమిళనాడు ప్రభుత్వము 2020లో చట్టము చేసి, ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వైద్య దంతవైద్య విద్యలలో 7.5 శాతము స్థానములు కేటాయించుట ఈ తలంపుతోనే. గెలిచిన బిడ్డ తన గెలుపును పూర్తిగా తన సొత్తనుకొనకుండుట వినయమే కాదు, సత్యము కూడ.

ఇక దంతవైద్యము చేతిపనితో ముడిపడిన శాస్త్రము. అమెరికాలో 1950లో దేశవ్యాప్తముగా దంతవైద్య ప్రవేశపరీక్ష ప్రారంభమైనప్పుడు, అభ్యర్థిచేత సుద్దముక్కను చెక్కించి చూచెడివారు. 1970 దశకము మొదటిభాగమున ఆ పద్ధతి పోయి కాగితముమీది పరీక్ష వచ్చినది. మన నీట్‌లో చేతికి పరీక్షయే లేదు. కళాశాలలో చేరిన పిమ్మటనే విద్యార్థి మైనపు దిమ్మెను చెక్కి దంతరూపము తీయుట నేర్చును. అక్కడ వేగము కాదు, ఓపిక కావలెను. నిమిషమున కొక జవాబు గుర్తించుటకు అలవాటుపడిన మనస్సును, ఒక్క పంటికై గంటలు వెచ్చించు మనస్సుగా మార్చుకొనవలెను. ఈ మార్పునకు ఏ శిక్షణాలయమును ముందుగా తయారుచేయదు.

మరియొక విషయము మన యిండ్లలో బహిరంగముగా చెప్పుకొననిది. చాలమంది బిడ్డలు ఎం.బి.బి.ఎస్. కొరకు చదివి, అది దొరకక దంతవైద్యమున ప్రవేశించుచున్నారు. “పోనిలే, పంటి డాక్టరైనా అయినాడు” అను మాట పెద్దల నోట వినబడుచుండును. రెండవ కోరికను స్వీకరించుట దోషము కాదు. పెద్దలు కుదిర్చిన సంబంధమున పెండ్లికి ముందే ప్రేమ యుండవలెనని యెవరు కోరుదురు? కాని పెండ్లియైన పిమ్మట కూడ మనస్సు వేరొకచోట నుంచుకొనుట దోషము. నొప్పితో వచ్చి కుర్చీలో తల వెనుకకు వాల్చిన రోగి, తన నోటిని పూర్తిగా వైద్యుని చేతి కప్పగించి, మాటాడు వీలును కూడ వదలుకొనుచున్నాడు. అట్టి విశ్వాసమునకు పాత్రుడైన వాడు “నేను కోరిన చదువు ఇది కాదు” అని లోలోపల విసుగుకొనుట ఆ రోగికి చేయు ద్రోహము. ఈ మాటను బిడ్డకు పరీక్షకు ముందే చెప్పవలసినవారు తల్లిదండ్రులు. కాని “పోనిలే” యని మొదట విసుగును నేర్పుచున్నవారును వారే.

చివరకు మన భాష. నీట్ ప్రశ్నపత్రము తెలుగున లభించును. కాని అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములకే పరిమితము. హోసూరు బిడ్డకు తమిళముగాని, షోలాపురము బిడ్డకు మరాఠీగాని, లేదా ఇంగ్లీషుగాని, హిందీగాని దిక్కు. ఈ కారణమున పదవ తరగతి దాటగనే తెలుగు పుస్తకమును అటక యెక్కించు గృహములు మనలో పెక్కు గలవు. మార్కులు రాని విద్య బరువను వాదము పైకి సమంజసముగనే కనబడును. కాని ఆ బిడ్డ రేపు వైద్యుడైనప్పుడు, మన వీధిలోని ముసలవ్వ వచ్చి “పన్ను జివ్వుమని లాగుతోంది నాయనా” అనును. మరొకతె “రాత్రంతా సలుపుతూనే ఉంది” అనును. వేరొకరు “పళ్లు పులిసినట్లున్నాయి” అందురు. ఇవి మూడును ఒకే బాధ కాదు. చల్లని నీటికి జివ్వుమనుట వేరు, చీము పట్టి సలుపుట వేరు. ఈ భేదము తెలియుట రోగనిర్ణయమున తొలిమెట్టు. అట్లే ఆ వైద్యునికి ఇరుగుపొరుగువారి తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ భాషల బాధామాటలును తెలిసి యుండవలెను. ఏ ప్రశ్నపత్రమును అడుగని ఈ విద్య యోగ్యతలో ప్రధానభాగము.

కావున మన కర్తవ్యము స్పష్టము. బిడ్డ పరీక్షకు శ్రద్ధతో చదువవలెను. అది వాని ధర్మము. అంకెను బట్టి వానిని హెచ్చుగానో తగ్గుగానో చూడకుండుట పెద్దల ధర్మము. దొరికిన విద్యను మిగులుగా గాక స్వధర్మముగా గ్రహించుట విద్యార్థి ధర్మము. ఇక మనవంటి సంఘములు చేయదగినవి రెండు గలవు. మన వారిలోని వైద్యులు వారమున కొక సాయంకాలము, శుల్కము చెల్లింపలేని పిల్లలకు పాఠము చెప్పుట యొకటి. అదే సాయంకాలము ఆ పిల్లలచేత పదినిమిషములు మన పెద్దలతో తెలుగున మాటాడించుట రెండవది. మొదటిది అర్హతకు సాయము, రెండవది యోగ్యతకు. అర్హతా పత్రము నెవరో ముద్రవేసి యిత్తురు. యోగ్యతకు ముద్రవేయువాడు మాత్రము, నొప్పి తగ్గి కుర్చీనుండి లేచి నమస్కరించు రోగియే.